పైకి చేరవలసిన మాట: విస్తరణ ప్రాజెక్టుల విజయంలో నాయకత్వం, సాంస్కృతిక శిక్షణ, భావ ప్రసారం

వ్యవసాయ విస్తరణ ప్రాజెక్టు ముగిసిన తరువాత సమర్పించే నివేదికలో విత్తన రకం, ఎరువుల మోతాదు, దిగుబడి, ఆదాయ వ్యయ నిష్పత్తి వంటి అంశాలకు సమగ్రమైన వివరణ ఉంటుంది. క్షేత్రంలో ఎదురైన వైఫల్యం ఎన్ని రోజులకు ప్రాజెక్టు అధిపతికి తెలిసింది, శిక్షణ పొందినవారే ఆ పని చేశారా, చెప్పిన విషయం విన్నవారికి ఏ అర్థంలో చేరింది అనే ప్రశ్నలకు మాత్రం అందులో తరచుగా చోటు దొరకదు. పరిశోధన క్షేత్రంలో నిలిచిన సాంకేతిక పరిజ్ఞానం రైతు పొలంలో ఎందుకు నిలవలేదో తెలియకపోవడానికి ఈ వెలితి ఒక ముఖ్య కారణం.

నాయకత్వం, సాంస్కృతిక శిక్షణ, భావ ప్రసారం అనే మూడు అంశాలను విస్తరణ విద్యలో వేర్వేరు పాఠాలుగా బోధిస్తున్నారు. ఆచరణలో ఈ మూడూ ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతాయి. కింది స్థాయిలో కనిపించిన నిజం పై స్థాయికి చేరడానికి దారి ఉన్నదా, లేదా? దారి ఉన్న ప్రాజెక్టు తన పొరపాట్లను పంటకాలంలోనే దిద్దుకుంటుంది. దారి లేని ప్రాజెక్టు లక్ష్యాలన్నీ సాధించినట్లు కాగితంపై చూపి, నిధులు ఆగిన మరుసటి సంవత్సరమే కనుమరుగవుతుంది. భారతదేశ విస్తరణ చరిత్రలో ఈ రెండింటికీ ఉదాహరణలు ఉన్నాయి.

ఇటావా అనుభవం

1948లో ఉత్తరప్రదేశ్‌లోని ఇటావా జిల్లా మహేవా ప్రాంతంలో ఒక ప్రయోగాత్మక గ్రామాభివృద్ధి ప్రాజెక్టు ప్రారంభమైంది. దాని రూపకర్త అమెరికాకు చెందిన వాస్తుశిల్పి, ప్రణాళికా నిపుణుడు ఆల్బర్ట్ మేయర్. వ్యవసాయ విస్తరణ నిపుణుడు హొరేస్ హోమ్స్ ఆయనతో కలిసి పనిచేశారు. పంజాబ్ 591 గోధుమ రకం, పచ్చిరొట్టగా జనుము సాగు వంటి సాధారణ సిఫారసులతోనే పని మొదలైంది. ఆ సిఫారసుల్లో అసాధారణమైన నూతనత్వం ఏమీ లేదు. ప్రత్యేకత అంతా పనిచేసిన తీరులో ఉంది.

మేయర్ తన పద్ధతిలో అంతర్గత ప్రజాస్వామ్యానికి అగ్రస్థానం ఇచ్చారు. గ్రామస్థాయి కార్యకర్త తన పై అధికారి సమక్షంలో నిర్భయంగా మాట్లాడాలి, సిఫారసు పనిచేయకపోతే ఆ సంగతి చెప్పాలి, అధికారి దానిని ధిక్కారంగా కాక సమాచారంగా స్వీకరించాలి అన్నది దాని సారాంశం. హోదాకు తలవంచే పరిపాలనా సంప్రదాయం బలంగా ఉన్న కాలంలో ఇది చిన్న మార్పు కాదు. సిబ్బంది సమావేశంలో నోరు విప్పలేని కార్యకర్త గ్రామంలో రైతు చేత నోరు విప్పించలేడన్న గ్రహింపు దీని వెనుక ఉంది.

ఆ ప్రాజెక్టులో గ్రామీణ జీవన విశ్లేషకుడు అనే పదవి కూడా ఉండేది. ఊరి ఆచారాలు, పని విభజన, వర్గాల మధ్య సంబంధాలు, రైతు సందేహాల మూలాలు అధ్యయనం చేసి సిబ్బందికి వివరించడం ఆ పదవి బాధ్యత. నేడు సాంస్కృతిక శిక్షణగా వ్యవహరిస్తున్న అంశాన్ని ఇటావా ఒక ఉపన్యాసానికి పరిమితం చేయకుండా ప్రాజెక్టు నిర్మాణంలోనే భాగం చేసింది.

పరిమాణం పెరిగినప్పుడు జారిపోయినది

1952 అక్టోబరు 2న 55 ప్రాజెక్టులతో సామాజిక అభివృద్ధి కార్యక్రమం దేశవ్యాప్తంగా మొదలైంది. మరుసటి సంవత్సరం జాతీయ విస్తరణ సేవ ఏర్పడింది. ఇటావా నుంచి గ్రామస్థాయి కార్యకర్త అనే ఉద్యోగం ఈ కార్యక్రమాలకు సంక్రమించింది. ఆ కార్యకర్త మాటకు ఇచ్చిన విలువ మాత్రం అదే స్థాయిలో సంక్రమించలేదు. లక్ష్యాలు పైనుంచి వచ్చాయి, అంకెలు కిందినుంచి వెళ్లాయి. 1957లో బల్వంతరాయ్ మెహతా సంఘం ఈ కార్యక్రమాలు ప్రజల చొరవను రేకెత్తించలేకపోయాయని నిర్ధారించి, ప్రజాస్వామ్య వికేంద్రీకరణను సిఫారసు చేసింది. 1959లో రాజస్థాన్, ఆ వెంటనే ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ వ్యవస్థను చేపట్టడానికి పునాది ఆ సిఫారసే.

1970ల మధ్య నుంచి ప్రపంచ బ్యాంకు సహాయంతో అమలైన శిక్షణ–సందర్శన విధానం మరొక పాఠం నేర్పింది. డేనియల్ బెనర్ రూపొందించిన ఈ విధానంలో సిబ్బందికి క్రమబద్ధమైన శిక్షణ, పక్షానికి ఒకసారి నిర్ణీత దినాన గ్రామ సందర్శన, ఎంపిక చేసిన సంప్రదింపు రైతుల ద్వారా సందేశ వ్యాప్తి ప్రధానాంశాలు. విస్తరణ సిబ్బందిని ఇతర శాఖల పనుల నుంచి విముక్తి చేసి వ్యవసాయానికే అంకితం చేయడం దాని గొప్ప మేలు. నీటి వసతి గల ఏకరీతి ప్రాంతాలలో ఆ సందేశం చక్కగా సరిపోయింది. ఒక్క మండలంలోనే ఎర్ర చెల్క, నల్లరేగడి, చౌడు నేలలు పక్కపక్కన ఉండే వర్షాధార ప్రాంతాలలో ఒకే పక్షపు సందేశం అందరికీ పొసగలేదు. అది పొసగలేదన్న మాట పరిశోధన కేంద్రానికి తిరిగి చేరే మార్గం విధానంలో ఉన్నా ఆచరణలో బలహీనపడింది. సందేశాన్ని మోసుకువెళ్లే దారి రాజమార్గం కాగా, జవాబును మోసుకువచ్చే దారి కాలిబాటగానే మిగిలింది.

శిక్షణ ఎవరికి, పని ఎవరిది?

తెలుగు నేలపై శ్రీ వరి సాగు అనుభవం ఈ సమస్యను మరింత దగ్గరగా చూపుతుంది. మడగాస్కర్‌లో 1980లలో రూపుదిద్దుకున్న ఈ పద్ధతిని 2003 ఖరీఫ్‌లో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం నాటి ఆంధ్రప్రదేశ్‌లోని 22 జిల్లాలలో రైతుల పొలాల్లోనే పరిశీలనకు పెట్టింది. ఎకరాకు 2 కిలోల విత్తనం, 8 నుంచి 12 రోజుల నారు, కుదురుకు ఒకే మొక్క, 25 సెంటీమీటర్ల ఎడం, నీటిని నిల్వ కట్టకుండా ఆరుతడులు, వీడర్‌తో కలుపు నివారణ ఇందులోని ముఖ్య సూత్రాలు. రైతు పొలాల్లో నేరుగా పరిశీలనకు పూనుకోవడం నాయకత్వపరంగా సాహసమైన, మెచ్చదగిన నిర్ణయం.

అయితే రెండాకుల లేత నారును వేరు చెదరకుండా, గింజ ఊడకుండా, గీసిన గళ్ల కూడలిలో ఒక్కొక్కటిగా నాటే చేతులు సాధారణంగా భూమి యజమానివి కావు, నాటు కూలీల స్త్రీ బృందాలవి. ఎకరాకు ఇంత అని గుత్తకు నాటే బృందానికి వేగమే ఆదాయం. అలవాటు లేని పద్ధతిలో నాటు నెమ్మదిస్తే ఆ రోజు కూలి తగ్గుతుంది. శిక్షణ తరగతికి వచ్చి, కరపత్రం తీసుకుని, హాజరుపట్టీలో సంతకం చేసినది యజమాని అయినప్పుడు, మడిలో దిగిన స్త్రీలకు ఆ పద్ధతి వెనుక ఉన్న కారణం ఎవరు చెప్పాలి? నైపుణ్యం గల నాటు కూలీల కొరత, వీడర్ నడపడంలోని శ్రమ శ్రీ సాగు విస్తరణకు అవరోధాలుగా పదేపదే ప్రస్తావనకు వచ్చాయి. వీటిని కేవలం కూలీల కొరతగా నమోదు చేయడం సగం సత్యమే. పని ఎవరు చేస్తారో, ఆ పనికి వారికి లెక్క ఎలా కడతారో ముందుగా అడగకపోవడం మిగతా సగం. సాంస్కృతిక శిక్షణ పూరించవలసిన ఖాళీ ఇదే.

మాట, కొలత, కాలం

సాంస్కృతిక శిక్షణ అనగానే పరాయి దేశానికి వెళ్లే ఉద్యోగులకు ఇచ్చే పాఠంగా భావించడం పరిపాటి. ఒకే భాష మాట్లాడే రెండు జిల్లాల మధ్య కూడా దాని అవసరం ఉంది. గోదావరి డెల్టాలో దాళ్వా అన్నది తెలంగాణలో యాసంగి. ఒకచోట ఊడ్పు, మరొకచోట నాటు. వేరుశనగను రాయలసీమలో బుడ్డలు అంటారు, తెలంగాణలో పల్లి అంటారు. మొక్కజొన్న అనే మాట కరపత్రంలో ఉంటే, మక్క అనే మాట రైతు నోట ఉంటుంది. ఈ తేడాలు తెలియని పట్టభద్రుడు రైతును అజ్ఞానిగా చూసే ప్రమాదం ఉంది. రైతు అతనిని పరాయివాడిగా చూడడం అంతకంటే త్వరగా జరుగుతుంది.

కొలతల విషయంలో ఈ ఎడబాటు మరింత లోతైనది. విత్తడానికి ఇన్ని మిల్లీమీటర్ల వర్షం కురవాలని సిఫారసు చెబుతుంది. రైతు నేల పదును చూసి నిర్ణయిస్తాడు. సిఫారసు నెలను, వారాన్ని పేర్కొంటుంది. రైతు మృగశిర, ఆరుద్ర కార్తెలతో లెక్క వేస్తాడు. జూన్ రెండవ వారం అనే మాటను మృగశిర కార్తె తొలి రోజులుగా చెప్పడం వల్ల శాస్త్రానికి కలిగే లోపం లేదు. పైగా, ఆ కార్తెలో వాన రాకపోతే ఏ పంటకు మారాలన్న రైతు ఆలోచన కూడా అదే సంభాషణలో బయటపడుతుంది. రైతు లెక్కలో మాట్లాడగలిగినవాడికే రైతు అనుమానం కూడా వినిపిస్తుంది.

సమాచారం రైతు చేతికి అందినప్పుడు

దీనికి భిన్నమైన, ఆశాజనకమైన ఉదాహరణ ఆంధ్రప్రదేశ్ రైతు నిర్వహణ భూగర్భజల వ్యవస్థల ప్రాజెక్టు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో స్వచ్ఛంద సంస్థలు అనంతపురం, కడప, కర్నూలు, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ అనే ఏడు కరువు జిల్లాలలో దీనిని అమలు చేశాయి. రైతులే వర్షపాతాన్ని, బావులలో నీటిమట్టాన్ని కొలిచారు. రబీకి ముందు అందరూ కూర్చుని, భూమిలో ఉన్న నీరెంత, వేయదలచిన పంటలకు కావలసినదెంత అని పంట నీటి బడ్జెట్ వేసుకున్నారు. నీటి వాడకం తగ్గించినందుకు రాయితీ లేదు, తగ్గించకపోతే జరిమానా లేదు. అయినా పలు ప్రాంతాలలో రైతులు వరి విస్తీర్ణాన్ని తగ్గించుకుని తక్కువ నీటి పంటలవైపు మళ్లారు.

ఇక్కడ సిబ్బంది పాత్ర ఆదేశించడం నుంచి లెక్క నేర్పడానికి మారింది. తన బావిలో తానే కొలిచిన అంకెను రైతు కాదనలేడు. పక్క రైతు కొలిచిన అంకెను కూడా గౌరవిస్తాడు. సమాచారం పైకి పోయి ఆదేశంగా తిరిగి రావలసిన పని లేకుండా, పుట్టిన చోటనే నిర్ణయంగా మారింది.

సమీక్షా సమావేశమే గీటురాయి

నాయకత్వ గుణం ప్రసంగంలో కంటే సమీక్షా సమావేశంలో స్పష్టంగా తెలుస్తుంది. ఒక మండలంలో పది ప్రదర్శన క్షేత్రాలు వేసి, అందులో నాలుగు దెబ్బతిన్నాయనుకుందాం. ఆ సంగతి చెప్పిన విస్తరణాధికారికి అందరి ఎదుట మందలింపు దక్కితే, తరువాతి సమావేశంలో పదీ బాగున్నాయనే సమాచారమే వస్తుంది. ఆ తరువాత ప్రదర్శన క్షేత్రం రోడ్డు పక్కన, బోరు ఉన్న పెద్ద రైతు పొలంలోనే వెలుస్తుంది. క్షేత్ర దినోత్సవం ఘనంగా జరుగుతుంది. కౌలు రైతు గట్టు మీద నిలబడి చూసి వెళ్లిపోతాడు. ఇందులో ఎవరి దురుద్దేశమూ ఉండనవసరం లేదు. చెడు వార్తకు శిక్ష ఉన్నచోట మంచి వార్త మాత్రమే ప్రయాణిస్తుంది.

ప్రజాధనంతో నడిచే కార్యక్రమానికి లక్ష్యాలు, గడువులు, జవాబుదారీతనం తప్పనిసరి అన్న వాదన న్యాయమైనదే. విత్తనం నాసిరకమైతే, గిట్టుబాటు ధర లేకపోతే ఎంత చక్కని భావ ప్రసారమైనా ఫలించదన్నదీ నిజమే. కానీ విత్తనం నాసిరకమని, ధర గిట్టడం లేదని మొదట తెలిసేది గ్రామంలోనే. ఆ మాటను పైకి రానీయని వ్యవస్థ, నెరవేరిన లక్ష్యాల పట్టికను చేతబట్టుకుని నష్టంలోకి నడుస్తుంది. జవాబుదారీతనానికి నిజాయితీ గల నివేదిక మూలం.

చేయదగిన పనులు

ఇందుకు కొత్త నిధులకంటే కొత్త అలవాట్లు ఎక్కువ అవసరం. మొదటిది, ప్రతి సమీక్షా సమావేశాన్ని పనిచేయని అంశంతో ప్రారంభించాలి. అందరికంటే కిందిస్థాయి ఉద్యోగి ముందుగా, ప్రాజెక్టు అధిపతి చివరగా మాట్లాడాలి. రెండవది, దెబ్బతిన్న ప్రదర్శన క్షేత్రాన్ని కారణాలతో సహా తుది నివేదికలో ప్రత్యేక భాగంగా చేర్చాలి. మూడవది, ప్రతి శిక్షణకు ముందు పని చేసేది ఎవరు, నిర్ణయించేది ఎవరు, నష్టం భరించేది ఎవరు అనే మూడు ప్రశ్నలకు సమాధానం రాసి, ఆ ముగ్గురినీ శిక్షణకు పిలవాలి. నాటు కూలీల శిక్షణ దినానికి కూలి చెల్లించడం దయ కాదు, ప్రాజెక్టు వ్యయంలో న్యాయమైన భాగం.

నాలుగవది విశ్వవిద్యాలయాల బాధ్యత. గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో విద్యార్థి రైతుకు ఏమి చెప్పాడన్నదానితో పాటు రైతు నుంచి ఏమి విన్నాడన్నదానికీ మార్కులు ఉండాలి. ఆ గ్రామపు పంటల పేర్లు, కొలతలు, కార్తెల లెక్క, కూలి పద్ధతులు నమోదు చేసిన పుస్తకాన్ని మరుసటి సంవత్సరం వచ్చే విద్యార్థులకు అందజేస్తే, ప్రతి బృందమూ మొదటి నుంచి మొదలుపెట్టవలసిన అవసరం తప్పుతుంది.

నేడు రెండు తెలుగు రాష్ట్రాలలో గ్రామస్థాయి వరకు వ్యవసాయ పట్టభద్రులు, డిప్లొమాదారులు విస్తరించి ఉన్నారు. పంట నమోదు నుంచి వాతావరణ సూచన వరకు సమాచారం చేతిలోని ఫోనులో క్షణాల్లో పైకి పోతున్నది. ఇటావా కార్యకర్తకు లేని సాధనాలన్నీ ఈ యువతకు ఉన్నాయి. యాప్‌లోని గడిలో ఇమడని ఒక వాక్యం, “ఈ సిఫారసు మా ఊరి నేలకు సరిపడడం లేదు” అన్న వాక్యం, చెప్పే ధైర్యం వారికి, వినే ఓర్పు వారి పై అధికారులకు ఉన్నదా అన్నదే మిగిలిన ప్రశ్న. తరువాతి పంటకాలపు ప్రాజెక్టుల భవిష్యత్తు ఆ సమాధానంపైనే ఆధారపడి ఉంది.