ఆకాశపు లెక్కలో మన పూచీ

“మా రెండెకరముల గడ్డి తగులబెట్టినంత మాత్రమున లోకములో ఋతువులు తప్పునా?” అని రైతులు మమ్ము తఱచుగా నడుగుచుందురు. ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయుట న్యాయము గాదు. ఒక్కని చేతి నిప్పువలన ఋతువులు తప్పవు. ఒక్కడు మానినంతమాత్రమున లోకము చల్లబడదు. అయినను దీనికి సమాధానము చెప్పుటకు సహకారసంఘ సభ్యునికంటె తగినవాడు లేడని మా యభిప్రాయము. ఏలయన, పలువురు కలిసి మోయవలసిన అప్పునకు పూచీ యెట్టిదో అతడెఱిగినవాడు.

1904వ సంవత్సరపు చట్టము ననుసరించి మన దేశమున వెలసిన గ్రామ పరపతి సంఘములలో సభ్యుల పూచీకి మితి లేకుండెడిది. ఒకడు బాకీ యెగవేసినచో ఆ భారము తక్కినవారందఱిపై బడెడిది. ఆకాశపు లెక్కయు నట్టిదే. అప్పు చేసినవాడొకడు, వడ్డీ కట్టువాడు మఱియొకడు.

ఆ లెక్కను కొంచెము చూతము. యంత్రయుగమునకు పూర్వము గాలిలో పదిలక్షల పాళ్ళకు బొగ్గుపులుసు గాలి సుమారు 280 పాళ్ళుండెడిది. 1958లో చార్లెస్ కీలింగ్ అను శాస్త్రజ్ఞుడు హవాయి దీవియందలి మౌనా లోవా కొండపై దీనిని కొలుచుట కారంభించునాటికి అది 315 పాళ్ళయ్యెను. నేడు 420 దాటినది. ఈ వాయువు దుప్పటివలె భూమిని గప్పి, వేడిమిని బయటికి పోనీయదు. ఈ బాకీలో పెద్దభాగము బొగ్గును నూనెను విరివిగా గాల్చిన ధనిక దేశములది. మన దేశములో తలసరి లెక్క నేటికిని ప్రపంచపు సగటుకంటె తక్కువయే. ఈ మాట దాచి రైతునే దోషిగా నిలువబెట్టువారితో మేము ఏకీభవింపము.

అయితే వడ్డీ వసూలునకు వచ్చువాడు అప్పు చేసినవాని యిల్లు వెదకుకొని పోవుట లేదు. మన కళ్ళములోనికే వచ్చుచున్నాడు. గాలి ఒక డిగ్రీ వేడెక్కినచో అది మోయగల నీటియావిరి నూటికి సుమారు ఏడు పాళ్ళు పెరుగును. కావున వాన పడిననాడు కుండపోతగా బడును. పడనినాడు ఎండ నేలలోని తేమను త్వరగా పీల్చివేయును. 2015 వేసవిలో వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రములలోను వేయిమందికి పైగా మరణించిరి. 2023 డిసెంబరు 5వ తేదీన బాపట్లవద్ద తీరము దాటిన మిచౌంగ్ తుపాను కోతకు వచ్చిన సార్వా వరిని నీట ముంచెను. ఏ యొక్క తుపానునైనను భూతాపమే కొనితెచ్చినదని చెప్పజాలము గాని, వేడెక్కిన సముద్రము తుపానులకు బలమిచ్చునను మాట నిజము.

మన సంఘపు పుస్తకములలో అప్పులు రెండు తెఱగులు: దీర్ఘకాలికములు, స్వల్పకాలికములు. ఆకాశపు పుస్తకములోను అంతే. బొగ్గుపులుసు గాలి తరతరములు నిలుచు దీర్ఘకాలపు బాకీ. మీథేను అను వాయువు సుమారు పన్నెండేండ్లలో చాలవఱకు తఱిగిపోవు స్వల్పకాలపు బాకీ. కాని దాని వడ్డీ కఠినమైనది. నూఱేండ్ల లెక్కలో, తూకమునకు తూకము, అది బొగ్గుపులుసు గాలికి సుమారు 27 రెట్లు వేడిమిని నిలుపును. ఈ వాయువు పుట్టుచోట్లలో నీరు నిలిచిన వరిమడి యొకటి. గాలి తగులని బురదలో కంటికి గానరాని జీవులు కుళ్ళిన పదార్థమును తిని దీనిని విడుచును. మడిలో అడుగు వేసినపుడు లేచు బుడగలలో నుండునది యిదియే. త్వరగా దీరు బాకీ గావున, దీనిని తగ్గించినచో ఫలము మన తరములోనే కలుగును. రైతు చేతిలోనున్న పని యిచ్చట నున్నది.

వరి నీటిని కోరు పైరేగాని, ఎల్లవేళల నీట మునిగియుండవలసిన పైరు గాదు. నాటిన పిమ్మట రెండు వారములు కలుపు అణగుటకై నీరు నిలుపవలెను. అటుతరువాత, రంధ్రములు చేసిన అడుగు పొడవు గొట్టమును మడిలో పాతి, నీటిమట్టము నేలకు 6 అంగుళములు దిగువకు పోయినపుడు మరల పలుచగా నీరు పెట్టవలెను. పూత సమయమున మాత్రము మడి నార్పరాదు. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థవారు ప్రచారము చేసిన యీ పద్ధతివలన మీథేను ఇంచుమించు సగము తగ్గును. నీటిలో నూటికి ముప్పదిపాళ్ళవఱకు మిగులును. సరిగా జరిపినచో దిగుబడి తగ్గదు. ఉప్పుదేలు నేలలలో మాత్రము దీని నవలంబింపరాదు.

ఇచ్చట చిక్కొకటి కలదు. ఒకరి మడినుండి వేఱొకరి మడికి నీరు పాఱు కాలువ క్రింద ఒక్కడే మడి నార్చుకొనజాలడు. తూము క్రింది రైతులందఱును వంతు లేర్పఱచుకొన్నగాని యిది సాగదు. సాగినచో, ఎగువవాడు మిగిల్చిన నీరు చివరిమడివాని పైరును నిలుపును. బోరుబావి రైతునకు ఈ చిక్కు లేదు. 2004 నుండి వ్యవసాయమునకు విద్యుత్తు ఉచితమగుటచే, కరెంటు వచ్చినంతసేపును మోటారు తనంత తానే నడచునట్లు ఆటో స్టార్టరు బిగించి, యింట నిద్రించుట అలవాటైనది. కరెంటు ఉచితమే గాని, భూగర్భజలము ఉచితము గాదు. అది బిడ్డల మూలధనము.

ఇక గడ్డి సంగతి. టన్ను వరిగడ్డిలో సుమారు 5½ కిలోల నత్రజనియు, 25 కిలోల పొటాషును గలవు. ఎకరమునకు రెండు టన్నుల గడ్డి వచ్చు పొలములో నిప్పు పెట్టినచో, నత్రజని దాదాపు యావత్తును గాలిపాలగును. అనగా సగము బస్తా యూరియాను పొగలో గలిపి, మరల దుకాణములో గొనుచున్నామన్నమాట. పొటాషు బూడిదలో మిగిలినను కొంత గాలికిని వాననీటికిని గొట్టుకొనిపోవును. నేల పైపొరలోని మేలుచేయు జీవులు మాడిపోవును. ఊరిలోని ముసలివారును పసివారును ఆ పొగను పీల్తురు. అట్లని గడ్డిని దున్నిన వెంటనే నీరు పెట్టి నాట్లు వేసినను కీడే. మడిలో మీథేను మఱింత పెరుగును. నాట్లకు నెలదినములు ముందుగా, పొలము పొడిగా నున్నపుడే దున్ని మాగనీయవలెను. లేదా, కట్టలు కట్టించి పశువులకును ఎరువుగుంటకును తరలింపవలెను.

రైతు సోమరియై నిప్పు పెట్టుట లేదని మే మెఱుగుదుము. కోతమిషను మోకాటి యెత్తున మోళ్ళను విడిచిపోవును, పశువులు తగ్గినవి, రెండవ పంటకు వ్యవధి చాలదు, గడ్డికట్టలు గట్టు యంత్రపు బాడుగ చిన్నకారు రైతునకు భారము. ఈ యిబ్బందులను దీర్పక నీతులు చెప్పుట వలన లాభము లేదు. కాని ఒక్కనికి భారమైన యంత్రమును పదుగురు గలసి కొనుటకే గదా సంఘములు పుట్టినవి! ఎరువులును విత్తనములును పంచినంతమాత్రమున సంఘము తన విధి నెఱవేర్చినట్లు గాదు.

కావున ప్రతి సంఘమును రాబోవు సర్వసభ్య సమావేశములో రెండు తీర్మానములు చేయవలెనని కోరుచున్నాము. మొదటిది, గడ్డికట్టల యంత్రమును సంఘము పక్షమున సంపాదించి సభ్యులకు సరసమైన బాడుగ కిచ్చుట. రెండవది, ఒక్క తూము క్రిందనైనను ఈ దాళ్వాలో ఆరుతడి వంతులను నడపి, నీటి లెక్కయు దిగుబడి లెక్కయు వ్రాసి, సభ్యుల యెదుట బెట్టుట. ఇతర దేశములవారు తమ పెద్ద బాకీని దీర్చువఱకు మనము చేతులు ముడుచుకొని కూర్చున్నచో, మన చిన్న బాకీకి వడ్డీ పెరుగుట మానదు.