వైద్యకళాశాలల వాకిట పల్లెబిడ్డలు

విస్సన్నపేట ప్రాంతమున పదవ తరగతిలో మంచి మార్కులు తెచ్చుకొనిన బిడ్డను గూర్చి ఇంటివారిని అడిగినచో పలుచోట్ల వినవచ్చునది ఒక్కటే మాట: 'డాక్టరు చదివింపవలెను'. ఈ కోరిక గర్హింపదగినది కాదు. వైద్యుని కొరకు నూజివీడో, తిరువూరో, బెజవాడయో పరుగెత్తవలసిన పల్లెలలో పుట్టిన బిడ్డ వైద్యుడు కావలెనని తల్లిదండ్రులు కోరుట సహజము, శ్లాఘనీయము కూడ. అయిన నీ కోరిక నెరవేర్చుకొనుటకు వారు పడుచున్న పాట్లు చూడగా మాకు విచారము కలుగుచున్నది. మామిడితోటపై వచ్చిన రాబడి చాలక పొలము కుదువబెట్టి బిడ్డను బెజవాడ వసతికళాశాలలో దింపివచ్చిన తండ్రికి ఆ పరీక్ష ఎట్టిదో, ఎన్ని సీట్లు గలవో, దరఖాస్తు ఎవరికి పెట్టుకొనవలెనో తెలియదు. తెలిసినవారు ఆ తెలివిని అమ్ముకొనుచున్నారు. పరీక్షకు సిద్ధపడుట నేడు ఒక్కొక్క కుటుంబము ఒంటరిగా మోయుచున్న బరువుగా నున్నది. దానిని ఊరి పనిగాను, రాష్ట్రము పనిగాను చేయవలెనని మేము వాదించుచున్నాము.

2016వ సంవత్సరము వరకు మన రాష్ట్రమున ఎంసెట్ పరీక్షయే వైద్యకళాశాలల ద్వారము. అందు ఇంటర్మీడియట్ మార్కులకు నూటికి ఇరువదియైదు పాళ్ల విలువ యుండెడిది. మన పాఠ్యపుస్తకములే దానికి ఆధారము. దేశమునకంతకు ఒకే పరీక్ష యను నీట్ 2013లో తొలిసారి జరిగి, ఆ జూలైలోనే సుప్రీముకోర్టు తీర్పుచే కొట్టివేయబడినది. 2016 ఏప్రిలులో ఆ తీర్పు ఉపసంహరింపబడుటతో అది మరల లేచెను. 2017 నుండి ఆంధ్రవిద్యార్థులు ఈ ద్వారముననే పోవలసిన వారైరి. ఇంటర్మీడియట్ మార్కులు అర్హతకు మాత్రమే, ర్యాంకునకు కావు. పరీక్షకు మూలము ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకములు. మన ఇంటర్మీడియట్ విద్యామండలి ఆ పుస్తకములను ప్రథమ సంవత్సర తరగతికి ప్రవేశపెట్టినది 2025-26లోనే. అనగా ఎనిమిదేండ్లపాటు సర్కారు కళాశాల విద్యార్థి ఒక పుస్తకము చదివి వేరొక పుస్తకమునుండి పరీక్ష వ్రాసినాడు. ఈ రెంటి నడుమ నున్న సందులోనే కోచింగు వ్యాపారము పెరిగి మానైనది.

ఇంతకు ఆ పరీక్ష యెట్టిది? 2025 మే 4వ తేదీన జరిగిన పరీక్షలో 180 ప్రశ్నలు, 180 నిమిషములు. భౌతికశాస్త్రమున 45, రసాయనమున 45, జీవశాస్త్రమున 90 ప్రశ్నలు. ఒప్పునకు 4 మార్కులు, తప్పునకు 1 మార్కు కోత, విడిచినదానికి సున్న. మొత్తము 720. తెలిసిన ప్రశ్నకు తొందరపాటున తప్పు గడిని నింపినవాడు నాలుగు మార్కులు గాక అయిదు మార్కులు పోగొట్టుకొనుచున్నాడని ప్రతి విద్యార్థి గుర్తింపవలెను. సగము ప్రశ్నలు జీవశాస్త్రమునవి. అవి పుస్తకములోని వాక్యములను అంటిపెట్టుకొనియే యుండును. కావున ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకమును పటములతోను, పట్టికలతోను, ఒక్క పంక్తియు విడువక పలుమారులు చదివినవాడు పది గైడ్లు తిరుగవేసినవానికంటె ముందుండును. భౌతికశాస్త్రమున మాత్రము చదువుట చాలదు. లెక్కలు చేతితో చేయవలెను. గడచిన ఏండ్ల ప్రశ్నపత్రములను గడియారము ముందు పెట్టుకొని మూడు గంటలలో పూర్తిచేయు అభ్యాసము కావలెను. చేసిన తప్పులను ఒక పుస్తకమున వ్రాసికొని, వారమునకొకసారి వానినే చదువుకొనవలెను. ఈ పనికి లక్షల రుసుము అక్కరలేదు. నిశ్చలమైన గది, నాలుగు పుస్తకములు, సందేహము తీర్చు ఉపాధ్యాయుడు కావలెను.

భాషను గూర్చియు ఒక మాట. ఈ పరీక్షపత్రము పదుమూడు భాషలలో లభించుచున్నది, అందు తెలుగొకటి. తెలుగు కోరినవానికి ఆంగ్లము కూడ ప్రక్కనే యుండును. రెంటికి భేదము వచ్చినచో ఆంగ్లపాఠమే ప్రమాణమని నియమము. తెలుగున చదివిన బిడ్డ సిగ్గుపడి ఆ హక్కును వదలుకొనరాదు. కాని కిరణజన్యసంయోగక్రియ యని నేర్చినవాడు ఫొటోసింథసిస్ అను పేరును, ద్రవాభిసరణ యని నేర్చినవాడు ఆస్మోసిస్ అను పేరును ఎరిగియుండుట మేలు. రెండు పేర్లను ఎదురెదురుగా వ్రాసిన నోటుపుస్తకము ఒకటి ప్రతి తెలుగు విద్యార్థికి నుండవలెను. వైద్యకళాశాలలో అడుగిడిన తరువాతను అది అక్కరకు వచ్చును.

ఇక ఈ వ్యవహారమున అందరికంటె హెచ్చుగా మోసపుచ్చుచున్న మాట 'క్వాలిఫై' అనునది. 2025లో ఇరువదిరెండు లక్షలకు పైబడి విద్యార్థులు పరీక్ష వ్రాసిరి. పండ్రెండు లక్షలకు పైబడి అర్హులైరి. సామాన్యవర్గమువారికి 720కి 144 మార్కులు వచ్చినను అర్హతయే. దేశమందలి ఎం.బి.బి.ఎస్. సీట్లా, ఇంచుమించు లక్షా ఇరువదివేలు. వానిలో ప్రభుత్వ కళాశాలలవి సుమారు సగము. అర్హులు పదిమందియైన సీటు ఒకనికి. అట్లుండ, 'మా విద్యార్థులు వేలకొలది క్వాలిఫై అయిరి' అని గోడలపై అచ్చువేయించు ప్రకటన సత్యమైనను మోసమే. తండ్రులారా, ఆ ప్రకటనదారుని ఒక్క ప్రశ్న అడుగుడు: 'చేరిన వారెందరు? ప్రభుత్వ కళాశాలలో సీటు పొందినవారెందరు?' అతడు చెప్పు జవాబునుబట్టి అతని సరకు నాణ్యము తెలియును.

ప్రభుత్వ కళాశాల యన్నంతనే అల్పవ్యయమని తలచుటకును నేడు వీలు లేదు. బందరు, ఏలూరు, రాజమహేంద్రవరము, విజయనగరము, నంద్యాలలలో 2023లో అయిదు ప్రభుత్వ వైద్యకళాశాలలు ఒక్కొక్కటి 150 సీట్లతో తెరువబడినవి. సంతోషింపదగినదే. కాని ఆ ఏటి ఉత్తరువుల ప్రకారము సగము సీట్లు మాత్రమే సాధారణ రుసుమునకు. నూటికి 35 సీట్లకు ఏటికి 12 లక్షలు, 15 సీట్లకు ఏటికి 20 లక్షలు. ప్రజల సొమ్ముతో కట్టిన కళాశాలలో సగము వాకిలి ధనికులకు తెరచుట న్యాయమా? కళాశాల నడుపుటకు ధనము కావలెనని ప్రభుత్వము చెప్పును. నిజమే. ఆ ధనమును రాష్ట్రమంతయు భరింపవలెను గాని, కడజాతి రైతుబిడ్డకును, కూలిబిడ్డకును రావలసిన చోటును అమ్మి తేరాదు.

వసతికళాశాలలలోని జీవితమును తలచుకొన్నచో మనస్సు మరింత కలత చెందును. విద్యార్థుల బలవన్మరణములపై 2001లోనే నీరదారెడ్డి సంఘము విచారించినది; తరువాతను సంఘములు వచ్చినవి, నివేదికలు వచ్చినవి. 2023 జూలైలో విశాఖపట్టణమున నీట్ కొరకు చదువుచున్న పదునేడేండ్ల బాలిక మరణించెను. ఆ వ్యాజ్యమున సుప్రీముకోర్టు 2025 జూలై 25న తీర్పు చెప్పుచు విచారణను సి.బి.ఐ.కి అప్పగించి, దేశమునకంతకు పదునైదు మార్గసూత్రములను విధించినది. నూరుగురు అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హుడైన మనోవైద్యసలహాదారు ఒకడైన నుండవలెను. మార్కులనుబట్టి తరగతులు విడదీయుట, పదిమందిలో అవమానించుట, శక్తికి మించిన లక్ష్యములు విధించుట కూడదు. ప్రతి జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన పర్యవేక్షక సంఘము ఉండవలెను. శాసనము వచ్చువరకు ఇవియే శాసనము. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ వెలువరించిన నియమములను బట్టి పదునారేండ్లు నిండని బిడ్డను కోచింగులో చేర్చుకొనరాదు. దినమునకు అయిదు గంటలకు మించి బోధింపరాదు. వారమునకొక దినము విశ్రాంతి. నడుమ మానినవారికి మిగిలిన రుసుము తిరిగి ఈయవలెను. ఈ నియమములు గోడలపై నున్నవా, ఆచరణయందున్నవా? బిడ్డను దింపివచ్చు ప్రతి తండ్రియు సలహాదారుని పేరు అడిగి తెలిసికొనవలెను. పేరు చెప్పలేని సంస్థ చట్టమును మీరుచున్నదని ఎరిగి, కలెక్టరునకు అర్జీ పెట్టుకొనవలెను.

దరఖాస్తు విషయమున పల్లెవారికి జరుగుచున్న నష్టము చదువులో జరుగుచున్నదానికి తక్కువది కాదు. పదవ తరగతి పత్రములో నున్న పేరే అక్షరము తప్పక దరఖాస్తులో నుండవలెను. కేంద్రమువారు అడుగు ఓ.బి.సి. ధృవపత్రము వేరు, రాష్ట్రమువారి బి.సి. కులపత్రము వేరు, ఒకటి యున్నంత మాత్రమున రెండవది యున్నట్లు కాదు. ఇవి తహసీల్దారు కార్యాలయమునుండి నెలల ముందే తెచ్చుకొనవలెను. ఫలితములు వచ్చిన పిదప సీటు దానంతట అది రాదు. ప్రభుత్వ కళాశాలలలోని నూటికి 15 సీట్లు అఖిలభారత కోటా. దానికి ఢిల్లీలోని వైద్యసలహా సంఘమునకు దరఖాస్తు. తక్కిన వానికి బెజవాడలోని ఎన్.టి.ఆర్. ఆరోగ్యవిశ్వవిద్యాలయమునకు వేరు దరఖాస్తు. ఒకటి పెట్టి రెండవది మరచినవాడు సగము అవకాశమును కాలదన్నుకొన్నట్లే.

మన ప్రాంతము తెలంగాణపు సరిహద్దున నున్నది కావున స్థానికత్వమును గూర్చి ప్రత్యేకముగా హెచ్చరింపవలసియున్నది. సత్తుపల్లి, ఖమ్మము, హైదరాబాదులకు బిడ్డలను పంపువారు మనలో గలరు. అర్హతాపరీక్షకు ముందు వరుసగా నాలుగేండ్లు తమ రాష్ట్రముననే చదివియుండవలెనని తెలంగాణ ప్రభుత్వము 2024లో నిబంధన చేసెను. 2025 సెప్టెంబరు 1న సుప్రీముకోర్టు దానిని సమర్థించెను. కావున ఇంటర్మీడియట్ రెండేండ్లు అచ్చట చదివినంతనే అచ్చటి స్థానికులమైతిమని భ్రమింపరాదు. మనవైపు 1974 నాటి రాష్ట్రపతి ఉత్తరువు ననుసరించి వరుస నాలుగేండ్ల చదువు ఎచ్చటనో చూచెదరు. అది కుదరనిచో ఏడేండ్లలో హెచ్చుకాలము ఎచ్చట గడచెనో లెక్కింతురు. ఆరవ తరగతినుండి ప్రతి పాఠశాల చదువుపత్రమును భద్రపరచుకొనుడు. ఒక కాగితము లేని కారణమున సీటు జారిన బిడ్డకు మరల ఒక సంవత్సరమెవ్వ రిత్తురు?

ఇంత శ్రమపడి బిడ్డ వ్రాసిన పరీక్ష నిష్కళంకముగా నుండవలదా? 2024లో ఏమి జరిగెను? 67 మందికి 720కి 720 మార్కులు వచ్చినట్లు ప్రకటించిరి. 1563 మందికి కలిపిన మార్కులను తీసివేసి మరల పరీక్ష పెట్టిరి. పాట్నా, హజారీబాగులలో ప్రశ్నపత్రము బయటపడినది. పరీక్షను రద్దుచేయుటకు తగినంత విస్తృతమైన సాక్ష్యము లేదని జూలై 23న సుప్రీముకోర్టు చెప్పినది. తీర్పును శిరసావహించుచునే మేము అనుచున్నాము: లక్షలాది బిడ్డల రెండేండ్ల నిద్రలేమికి కావలియుండలేని వ్యవస్థ వారిని ఒక్క నిమిషము ఆలస్యమునకు గేటు వెలుపల నిలుపుటకు ఏ నైతికాధికారము కలిగియున్నది?

ఇక చేయవలసిన దేమి? రాష్ట్రప్రభుత్వము చేయవలసినది మొదట చెప్పుదుము. ఆరవ తరగతినుండి పండ్రెండు వరకు ప్రభుత్వ పాఠశాలలలో చదివిన వారికి వైద్యవిద్యలో నూటికి ఏడున్నర సీట్లు ప్రత్యేకించుచు తమిళనాడు 2020లో శాసనము చేసినది. 2022లో మద్రాసు హైకోర్టు దానిని నిలిపినది. ఒకే పరీక్ష వ్రాసినను అందరు ఒకే మెట్టునుండి బయలుదేరలేదను సత్యమును ఆ శాసనము గుర్తించినది. ఆంధ్రశాసనసభయు అట్టి మార్గమునే త్రొక్కవలెను. ప్రతి ప్రభుత్వ జూనియర్ కళాశాలలో జీవ, భౌతిక, రసాయన శాస్త్రములకు ఉపాధ్యాయుల ఖాళీలు నింపి, సాయంకాలము ఉచితముగా పరీక్షాభ్యాసము జరిపింపవలెను.

ఊరు చేయవలసినది ఇంకను సులభము. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసినప్పుడు అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగువారు సర్కారు కొరకు కాచికూర్చుండలేదు. ఊరివారే పుస్తకములు కొని, దీపము పెట్టి, చదువురానివారికి చదివి వినిపించిరి. నేడు మన పఠనమందిరములలో ఒక బీరువా ఈ బిడ్డల కొరకు ప్రత్యేకింపుడు. ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకములు నాలుగేసి ప్రతులు, పది సంవత్సరముల ప్రశ్నపత్రములు, దరఖాస్తుల గడువు తేదీలు వ్రాసిన ఒక నల్లబల్ల చాలును. ఆదివారము ఉదయము మూడు గంటలు నిశ్శబ్దముగా పరీక్ష పెట్టుటకు విశ్రాంతి పొందిన ఉపాధ్యాయు లిద్దరు ముందుకు రాలేరా? దరఖాస్తు నింపిపెట్టుటకు న్యాయవాదులును, గుమాస్తాలును వారమునకొక గంట ఈయలేరా?

తప్పిన బిడ్డలను గూర్చి చెప్పక ముగింపరాదు. పదిమందిలో తొమ్మిదిమందికి సీటు రాదు, వారు పనికిమాలినవారా? 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషనులో మూడవ యత్నమున గాని కృతార్థుడు కాలేదు. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహమునకు గురియై ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టముతో తృప్తిపడవలసివచ్చెను. అతని నాయకత్వమున వెలువడిన మందు నేడును బోదకాలు వ్యాధిని అరికట్టుచున్నది. పరీక్ష అతనిని కొలిచిన కొలతకును, అతడు లోకమునకు చేసిన మేలునకును సంబంధమే లేదు. కావున తల్లులారా, తండ్రులారా, ఫలితములు వచ్చిన దినమున బిడ్డ ముఖమును ముందు చూడుడు. మార్కులను తరువాత చూడవచ్చును. వైద్యుడు కాలేని బిడ్డ ఔషధశాస్త్రముననో, పరిచర్యయందో, పరిశోధనయందో, సేద్యమునందో దేశసేవ చేయగలడు. పోయిన బిడ్డ ఏ సేవయు చేయజాలడు.

వైద్యుడు ఊరికి కావలసినవాడు. అట్టివానిని తయారుచేయు భారమును ఒక్క తండ్రి పొలముపై మోపి ఊరు చేతులు కట్టుకొని కూర్చుండరాదు. రాబోవు పరీక్షకాలమునకు లోపల విస్సన్నపేట పఠనమందిరమున ఆ బీరువా వెలయుగాక!