ఒకే దస్తర్‌ఖాన్, రెండు ప్రార్థనలు

భాష వేరైనా, మతం వేరైనా మానవులందరికీ ఆకలి ఒక్కటే అని పెద్దలు చెబుతారు. అది నిజమే కాని, సగం నిజం మాత్రమే. ఆకలి ఒక్కటే అయినా అన్నం ముందు కూర్చునే తీరు ఒక్కటి కాదు. ఏది తినవచ్చు, ఎవరితో తినవచ్చు, తినబోయే ముందు ఎవరిని స్మరించాలి అనే విషయాలలో ప్రతి సమాజానికీ తనదైన నియమం ఉన్నది. కనుకనే పరమతస్థులైన మిత్రులతో సహపంక్తి భోజనం చేయడం పైకి కనిపించినంత తేలిక కాదు. ఉర్దూ, తెలుగు విద్యార్థులు ఒకే కప్పు క్రింద చదివే మన కళాశాలలో ఈ విషయాన్ని గురించి దాపరికం లేకుండా ఆలోచించుకోవడం అవసరమని నా అభిప్రాయం.

నేను క్రైస్తవ కుటుంబంలో పుట్టినవాడను. మా గ్రామం డోర్నకల్ సమీపంలో ఉన్నది. గత రంజాన్ మాసంలో నా సహాధ్యాయి ఒకడు నన్ను ఇఫ్తార్‌కు పిలిచాడు. నేలపై దస్తర్‌ఖాన్ పరచి, ఖర్జూరాలు, పండ్లు, హలీం అమర్చారు. అన్నం తినే ముందు తల వంచి ప్రార్థించడం నాకు చిన్ననాటి నుండి అలవాటు. కాని ఆనాడు ఆ ఇంటివారు ఏమనుకుంటారోనన్న సంకోచంతో ప్రార్థన మాని చేయి చాచాను. నా మిత్రుని తాతగారు అది గమనించారు. “బేటా, మీలో భోజనానికి ముందు దువా చేయరా?” అని మెల్లగా అడిగారు. నేను సిగ్గుతో తల వంచి, ఆ తలవంపులోనే ప్రార్థన ముగించాను. నేను కన్నులు తెరిచే వరకు వారెవ్వరూ రెండవ ముద్ద ముట్టలేదు.

ఆ రాత్రి నాకు పేతురు జ్ఞాపకం వచ్చాడు. కైసరయలో కొర్నేలీ అనే రోమా శతాధిపతి ఇంట అడుగుపెట్టి, దేవుడు పక్షపాతి కాడని గ్రహించినవాడు ఆ పేతురే. అంతియొకయలో అన్యజనులతో కలిసి భుజిస్తూ, తనవారు కొందరు రాగానే భయపడి ప్రక్కకు తొలగినవాడూ ఆ పేతురే. అందుకు పౌలు ఆయనను ముఖాముఖిగా మందలించాడు. పేతురు తనవారికి వెరచి పొరుగువారి పంక్తిని విడిచాడు. నేను పొరుగువారికి వెరచి నా ప్రార్థనను విడిచాను. రెండింటికీ మూలం పిరికితనమే.

క్రిస్మస్‌కు నా మిత్రుడు మా ఇంటికి వచ్చాడు. మాంసం విషయమై అతడు అడగలేక అడిగాడు. మా అమ్మ నవ్వింది. మా వైపు పల్లెలలో మేకపోతును కోయడానికి ముల్లాను పిలవడం తరతరాల ఆనవాయితీ. ఆనాటి మాంసమూ అటువంటిదే. మా నాన్న యేసు నామమున ప్రార్థించాడు. మిత్రుడు బిస్మిల్లా అన్నాడు. తరువాత అతడు, “మీరు ఈసా అలైహిస్సలాంను దేవుని కుమారుడని ఎందుకంటారు?” అని సూటిగా అడిగాడు. నాకు తెలిసినంత చెప్పాను. ఆయన గొప్ప ప్రవక్త అనియు, దేవునికి సంతానం లేదనియు తన విశ్వాసాన్ని అతడు వివరించాడు. ఎవరి నమ్మకం వారి వద్దనే నిలిచింది. అయినా మా అమ్మ వడ్డించిన అన్నం ఎవరికీ చేదు కాలేదు.

ఆ సంభాషణలోనే అతని వలన ఒక సంగతి తెలుసుకున్నాను. ఖురాన్‌లో ఐదవ సూరా పేరు ‘అల్ మాయిదా’. వడ్డించిన దస్తర్‌ఖాన్ అని దాని భావం. ఆకాశం నుండి ఆహారం దింపమని దేవుని వేడుకొనుమని ఈసాను ఆయన శిష్యులు కోరిన వృత్తాంతం వలన ఆ పేరు వచ్చింది. గ్రంథ ప్రజల ఆహారం ముస్లింలకు ధర్మసమ్మతమని చెప్పినదీ ఆ సూరాయే.

మరునాడు అతనికి డోర్నకల్ దేవాలయం చూపించాను. 1939లో ప్రతిష్ఠించిన ఆ మందిరంలో గుమ్మటాలూ ఉన్నవి, హిందూ ఆలయాలను తలపించే స్తంభాలూ ఉన్నవి. దానిని కట్టించిన వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయినారు. అంతకు రెండేళ్లు ముందు, 1910లో, ఎడింబరో మహాసభలో పాశ్చాత్య మిషనరీల ఎదుట ఆయన నిర్భయంగా మాట్లాడారు. మీరు సేవ చేశారు, త్యాగం చేశారు, కాని మమ్ములను సమానులుగా మీ ఇంట కూర్చుండబెట్టలేదు, మాకు కావలసినది స్నేహితులు అన్నది ఆయన ప్రసంగ సారాంశం. అన్నం పెట్టడం వేరు, కలిసి తినడం వేరు. పెట్టేవాని చేయి పైన ఉంటుంది. కలిసి తినేవారి చేతులు ఒకే ఎత్తున ఉంటాయి.

కనుక నా అభిప్రాయం ఇది. భోజనాన్ని మతానికి ఎరగా వాడరాదు. అది అతిథిని అవమానించడమే. అట్లని భోజనం కోసం మతాన్ని దాచనూ రాదు. అది మిత్రుని నమ్మకపోవడమే. అడిగినవానికి వినయంతో చెప్పాలి. చెప్పినదానిని ఓర్పుతో వినాలి.

మన వసతిగృహ భోజనశాలలో ఉర్దూ మాట్లాడేవారు ఒక వరుసలో, తెలుగువారు మరొక వరుసలో కూర్చోవడం ఎవరూ విధించిన నియమం కాదు. అలవాటు మాత్రమే. సంవత్సరానికి రెండు పర్యాయాలు, ఇఫ్తార్ నాడు ఒకసారి, క్రిస్మస్ సెలవులకు ముందు ఒకసారి, అందరికీ ఒకే పంక్తి ఏర్పాటు చేయవలసినదిగా కళాశాల కమిటీవారిని వినయపూర్వకంగా కోరుతున్నాను. మాంసం హలాల్ కావాలి. శాకాహారులకు వేరు పాత్రలలో వండాలి. ఎవరి ప్రార్థన వారు చేసుకునేందుకు ఒక్క నిమిషం మౌనం పాటించాలి. ఇందుకు పెద్ద ఖర్చు కాదు.

విద్యార్థి మిత్రులారా! కమిటీ నిర్ణయం వచ్చే వరకు ఆగనవసరం లేదు. రేపటి భోజన సమయంలో పళ్లెం తీసుకుని ఎదుటి వరుసకు నడవండి.