కళింగపట్నంలో పంద్రాగస్టు

ఆగస్టు 15 సెలవంటే మాకు కళింగపట్నం బీచే. బళ్లో జెండా వందనం అయ్యి పిల్లలు రాగానే పులిహోర డబ్బా పట్టుకుని బయల్దేరతాం. (దానికోసం తెల్లారుజామున నాలుగింటికి లేచేదెవరో మీకు చెప్పక్కర్లేదు!) వంశధార సముద్రంలో కలిసే ఆ చోట అలలకంటే జెండాలు, జెండాలకంటే సెల్ఫీలు ఎక్కువ.

ఈసారి ఎండుచేపలు కొంటూ, "మీ ఆయన ఏరమ్మా?" అని అడిగాను.

"మావోలంతా ఈరావలు ఎల్లిపోనారమ్మా! మల్లీ ఉగాదికే."

గుజరాత్‌లోని వేరావల్. మన జిల్లాలో పెద్ద బోట్లు నిలిపే హార్బర్ లేక ఏటా అక్కడికి కూలికి పోతారు. 2018 నవంబరులో అలా వెళ్లినవాళ్లే, సముద్రంలో సరిహద్దు దాటారని పాకిస్తాన్‌కు పట్టుబడ్డారు. ఎచ్చెర్ల మండలం డి.మత్స్యలేశం వాళ్లూ అందులో ఉన్నారు. 2019 పంద్రాగస్టు వాళ్లకి కరాచీ జైల్లోనే గడిచింది. 2020 జనవరి 6న 20 మంది వాఘా దాటి వచ్చారు. పదమూడు నెలల పైచిలుకు ఇక్కడ పొయ్యి ఆరకుండా చూసింది ఆడవాళ్లే.

బీచ్‌లో జెండా ఊపడం తప్పని నేననను, మా పిల్లలూ ఊపారు. కానీ తీరానికి సెల్ఫీ పాయింట్లకంటే ముందు జెట్టీలు కావాలని మనం గట్టిగా అడగొద్దూ?

మా అత్తయ్య మిగిలిన పులిహోర పొట్లం కట్టి ఆమె చేతిలో పెట్టింది. ఆమె ఫోన్ తీసి, వేరావల్‌లో ఉన్న మనిషికి ఆ పొట్లం చూపించింది.