రేపు అనకుండ్రి

లోయర్ పరేల్ నుంచి బోరివలి నేషనల్ పార్కుకు లోకల్ బండిలో గంట కూడా పట్టదు. మా ఇంటామె ఎన్నోసార్లు అడిగింది. మిల్లులో రంగు ఖాతాలో 24 ఏండ్లు చేసిన నేను ప్రతిసారీ ‘ఓవర్‌టైం ఉంది, రేపు పోదాం’ అన్న.

ఆమె పోయినంక మూడేండ్లకు, మొన్న ఫాల్గుణంల మనవడు తీస్కపోయిండు. చలిదేశాలల్ల ఆకు కార్తీకంల రాలుతదట. మనకు శిశిరంల. నేలల నీళ్లు తగ్గితే చెట్టు ఆకును వదులుకుంటది.

కన్హేరి గుహల గుట్టమీద టేకులు మోడుబారినయి. మోదుగలు పూసినయి. పుసుగుచెట్టు చిగురు మాత్రం ఎర్రగ, అప్పుడే తొట్టిలకెళ్లి తీసిన చీరలెక్క ఉన్నది. బట్టకు రంగు పట్టాలని మేం ఉప్పేసేటోళ్లం. ఆ చిగురు ఎరుపు ఎవరు ఆపినా ఆగదు, కొన్నాళ్లకే పచ్చబడుతది.

అన్నలారా, ఇంట్ల అడిగితే ‘రేపు’ అనకుండ్రి. సోమవారం పార్కు బందు, తక్కిన ఏ దినమన్నా పోండ్రి.