ఉత్తర్వులతో నిలవని విమానాలు

ఒకే నగరానికి రెండు విమానాశ్రయాలు ఉంటే, అట్లాంటిక్ దాటే విమానాలు ఎక్కడి నుంచి ఎగరాలన్నది చాలాకాలం ప్రభుత్వాలే నిర్ణయించాయి. పాత విమానాశ్రయం కిక్కిరిసిపోయిందని, చుట్టుపక్కల జనం మోత భరించలేకపోతున్నారని, వెనకబడిన ప్రాంతానికి బతుకుతెరువు చూపాలని కారణాలు చెప్పాయి. ఆ కారణాల్లో చాలావరకు నిజాయతీ ఉంది. అయినా మాంట్రియల్‌లో, గ్లాస్గోలో, లండన్‌లో ఆ ఆంక్షలు సడలగానే విమానాలు తమకు కావలసిన చోటికి తరలిపోయాయి. ముంబయికి, ఢిల్లీకి రెండో విమానాశ్రయం సమకూరుతున్న ఈ సమయంలో ఆ అనుభవం మనకు పనికొస్తుంది. రెండో విమానాశ్రయం కట్టడం తప్పు కాదు. దూరదేశాల విమానాలను ఉత్తర్వుతో అక్కడికి పంపి, వాటికి ప్రయాణికులను తెచ్చిపెట్టే విమానాలను పాతచోటే ఉంచడమే తప్పు.

లండన్ నుంచి డాలస్‌కు బయల్దేరే విమానంలో అందరూ లండన్ వెళ్లివస్తున్నవాళ్లే ఉండరు. హైదరాబాద్‌లో ఎక్కి హీత్రూలో విమానం మారే విద్యార్థి, ఐటీ ఉద్యోగి, కూతురి పురిటికి వెళుతున్న తల్లి కూడా అందులో ఉంటారు. వాళ్లకు లండన్‌తో పనిలేదు, రెండో విమానం దగ్గరలో ఉంటే చాలు. సామాను తీసుకుని, ఇమిగ్రేషన్ దాటి, బస్సెక్కి మరో విమానాశ్రయానికి పోవాలంటే ఆ టికెట్టే కొనరు, మరో దేశం మీదుగా వెళతారు. ఇలా పదిచోట్ల నుంచి ఇరవై మంది, ముప్పై మంది చొప్పున చేరితేనే పెద్ద విమానం నిండుతుంది. దానికి తోడు లాభం ఎక్కువగా ముందు వరుసల బిజినెస్ క్లాస్ సీట్ల మీద వస్తుంది. ఆ సీట్లు కొనే కంపెనీలు రోజుకు ఒక్క విమానంతో సరిపెట్టుకోవు. పొద్దునొకటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి కావాలంటాయి. అందుకే విమానాలున్న చోటికే మరిన్ని విమానాలు వస్తాయి. ఎయిర్‌లైన్స్ ఎంపికను పేరుప్రతిష్ఠల మోజుగా కొట్టిపారేసేవాళ్లు ఈ లెక్కను చూడరు.

లండన్ చరిత్రే దీనికి బలమైన సాక్ష్యం. 1977లో బ్రిటన్, అమెరికా కుదుర్చుకున్న రెండో బెర్ముడా ఒప్పందం ప్రకారం హీత్రూకు రావడానికి అమెరికా ఎయిర్‌లైన్స్‌లో రెండింటికే అనుమతి. మొదట పాన్ యామ్, టీడబ్ల్యూఏ. 1991లో వాటి స్థానంలోకి యునైటెడ్, అమెరికన్ వచ్చాయి. డెల్టా, కాంటినెంటల్ లాంటివి లండన్‌లోని మరో విమానాశ్రయమైన గాట్విక్‌తో సర్దుకున్నాయి. డాలస్, హ్యూస్టన్, అట్లాంటా వంటి నగరాలకు హీత్రూ నుంచి నేరుగా ఎగిరే వీలే లేదు. ముప్పై ఏళ్లు చిన్న వ్యవధి కాదు. ఆ కాలంలో గాట్విక్ తన కాళ్లమీద తాను నిలబడి ఉండాల్సింది. బ్రిటిష్ ఎయిర్‌వేస్ కూడా 1990లలో అక్కడ రెండో హబ్ కట్టాలని ప్రయత్నించి వదిలేసింది. 2008 మార్చి చివర యూరప్–అమెరికా ఓపెన్ స్కైస్ ఒప్పందం అమల్లోకి వచ్చి ఆ ఆంక్ష తొలగిపోవడంతో డాలస్, హ్యూస్టన్ విమానాలు హీత్రూకు మారిపోయాయి. అక్కడ నాలుగు జతల స్లాట్ల (విమానం దిగడానికి, ఎగరడానికి కేటాయించే సమయాల) కోసం కాంటినెంటల్ 20 కోట్ల డాలర్లకు పైగా చెల్లించింది. గాట్విక్‌లో ఉండడం వల్ల ఏం కోల్పోతోందో ఆ కంపెనీ వేసుకున్న విలువ అది.

మాంట్రియల్ కథ ఇంతకన్నా బాధాకరం. డోర్వాల్ విమానాశ్రయం చాలదన్న అంచనాతో కెనడా ప్రభుత్వం ఊరికి దూరంగా మిరాబెల్‌లో దాదాపు 97 వేల ఎకరాలు సేకరించింది. తరతరాల సాగుభూముల నుంచి వేలమంది కదలాల్సి వచ్చింది. 1975లో విమానాశ్రయం తెరిచి, యూరప్ విమానాలన్నీ అక్కడికే రావాలన్నారు. దేశీయ విమానాలు, అమెరికా విమానాలు మాత్రం డోర్వాల్‌లోనే ఉండిపోయాయి. పారిస్ నుంచి వచ్చి ఒట్టావాకో హాలిఫాక్స్‌కో వెళ్లాల్సినవాడు రెండు విమానాశ్రయాల మధ్య రోడ్డున పడ్డాడు. రెంటినీ కలుపుతామన్న వేగపు రైలు రాలేదు, రహదారి మధ్యలో ఆగిపోయింది. అలాంటి ప్రయాణికుడికి టొరంటోలో దిగడమే సులువైంది. 1997లో ఆంక్ష ఎత్తేయగానే అంతర్జాతీయ విమానాలు డోర్వాల్‌కు తిరిగొచ్చాయి. 2004లో మిరాబెల్ నుంచి ప్రయాణికుల విమానాలు పూర్తిగా ఆగిపోయాయి. 2014లో టెర్మినల్‌ను కూల్చడం మొదలుపెట్టారు. సేకరించిన భూమిలో అత్యధిక భాగాన్ని అంతకుముందే తిరిగి అమ్మేశారు. ఒక తరం రైతుల బతుకు చెదిరాక ఆ భూమి అవసరం లేదని తేల్చిన ఆ ప్రభుత్వాన్ని నేను క్షమించలేను. భోగాపురం విమానాశ్రయం కోసం రెండువేల ఎకరాలకు పైగా ఇచ్చిన ఉత్తరాంధ్ర రైతులు ఇది చదివితే నా కోపం అర్థమవుతుంది.

టొరంటో ఎదుగుదలకు ఆర్థిక, రాజకీయ కారణాలున్నాయి, నేరమంతా మిరాబెల్‌పై నెట్టకూడదన్న అభ్యంతరం ఉంది. అది నిజమే. క్యుబెక్‌లోని రాజకీయ అనిశ్చితి, వ్యాపారాల తరలింపు, ఆగకుండా ఎక్కువ దూరం ఎగరగల విమానాల రాక కూడా మాంట్రియల్‌ను దెబ్బతీశాయి. కానీ ఎదురుగాలి వీస్తున్న నగరం తన విమానాలను తానే రెండుగా చీల్చుకోవడం ఆ దెబ్బను పెంచింది. పైగా అలాంటి అననుకూలతలు లేనిచోటా ఫలితం మారలేదు. స్కాట్లాండ్‌లో అట్లాంటిక్ విమానాలన్నీ ప్రెస్ట్‌విక్ నుంచే నడవాలన్న విధానం 1990లో పోగానే అవి గ్లాస్గో విమానాశ్రయానికి వెళ్లిపోయాయి. చివరికి 2013లో ప్రెస్ట్‌విక్‌ను స్కాట్లాండ్ ప్రభుత్వమే ఒక్క పౌండుకు కొనాల్సి వచ్చింది.

ప్రాంతీయ న్యాయం మాటేమిటన్నది ఇంతకన్నా గట్టి ప్రశ్న. ఐర్లండ్ పశ్చిమ తీరంలోని షానన్ చుట్టూ ఒక ప్రాంతపు ఆర్థిక జీవితం అల్లుకుంది. అట్లాంటిక్ విమానాలు అక్కడ ఆగితీరాలన్న నిబంధన 1993లో సడలి, ఓపెన్ స్కైస్‌తో ముగిసింది. అక్కడివారి భయాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అయితే ఇప్పటికీ షానన్ నుంచి న్యూయార్క్, బోస్టన్‌లకు విమానాలున్నాయి; అక్కడికి నిజంగా వచ్చేవాళ్లు, అక్కడి నుంచి పోయేవాళ్లు వాటిని నిలబెట్టారు. న్యూయార్క్‌లో జేఎఫ్‌కే, నెవార్క్ రెండూ అట్లాంటిక్ మీదకు ఎగరడం లేదా అని మరికొందరు అడుగుతారు. ఎగురుతున్నాయి, ఎందుకంటే నెవార్క్‌లో యునైటెడ్, జేఎఫ్‌కేలో డెల్టా, జెట్‌బ్లూ తమ దేశీయ, విదేశీ విమానాలను కలిపే నడుపుతున్నాయి. ఒక్కో విమానాశ్రయం స్వయంగా పూర్తి అల్లిక. మిరాబెల్‌కు ఇవ్వనిది అదే.

ఈ లెక్కన హైదరాబాద్‌లోని బేగంపేట విమానాశ్రయం మూసివేతపై నా అభిప్రాయం స్పష్టం. 2008 మార్చిలో శంషాబాద్ తెరిచినప్పుడు బేగంపేటను కూడా నడపాలని ఉద్యోగులు సమ్మె చేశారు. ఊరి నడుమ ఉన్న విమానాశ్రయం పోతుంటే జనానికి బాధ కలగడం సహజం. కానీ దేశీయ విమానాలు అక్కడా, విదేశీ విమానాలు ఇక్కడా అని పంచి ఉంటే, విజయవాడ నుంచో తిరుపతి నుంచో వచ్చి గల్ఫ్‌కు, లండన్‌కు మారేవాళ్లు నగరం అడ్డంగా దాటాల్సి వచ్చేది. ఒక్కచోటే ఉంచడం సరైన నిర్ణయం.

ముంబయికి ఆ వీలు లేదు, అక్కడ రెండూ కావాలి. కాబట్టి విదేశీ విమానాలను ఒకవైపు, దేశీయ విమానాలను మరోవైపు పెట్టే ఉత్తర్వు ఏ రూపంలోనూ రాకూడదు. ఒక ఎయిర్‌లైన్ తరలితే తన దేశీయ, విదేశీ విమానాలతో కలిసి తరలాలి. అక్కడ ఇంకో సంగతి ఉంది: ముంబయి, నవీ ముంబయి రెంటినీ నడిపేది అదానీ సంస్థే. హీత్రూ, గాట్విక్, స్టాన్‌స్టెడ్ మూడూ ఒకే యాజమాన్యంలో ఉండడం ప్రయాణికులకు మేలు కాదని బ్రిటన్ పోటీ కమిషన్ తేల్చాక, 2009లో గాట్విక్‌ను వేరే యజమానికి అమ్మారు. ముంబయిలో ఇద్దరు యజమానులు లేరు. పాత టెర్మినల్‌ను మూసి, స్లాట్లు తగ్గించి ఎయిర్‌లైన్స్‌ను కొత్తచోటికి నెట్టే శక్తి ఆ సంస్థ చేతిలో ఉంటుంది. ఉత్తర్వుపై ప్రభుత్వం సంతకం లేకపోయినంత మాత్రాన అది ఉత్తర్వు కాకుండా పోదు. ఏ స్లాటు ఎవరికి, ఎందుకు ఇచ్చారో, ఏ విమానాన్ని ఎందుకు మార్చారో పౌర విమానయాన శాఖ బహిరంగంగా ప్రకటించాలి. ఇందుకు నియమాలు విమానాల బదిలీ మొదలైన తొలి ఏడాదిలోనే రావాలి.