మనకూ ఒక చిన్న టెంట్ కావాలి

ఈసారి విభక్తుల గురించి కాదు, పాటల గురించి రాస్తున్నాను. కానీ చివరికి మన తెలుగు దగ్గరికే వస్తాను. కొంచెం ఓపిక పట్టండి.

పోయిన వేసవిలో స్నేహితులతో కలిసి వేల్స్‌లో ఒక చిన్న మ్యూజిక్ ఫెస్టివల్‌కి వెళ్ళాను. చిన్నది అంటే నిజంగా చిన్నదే. ఒక గొర్రెల పొలం, రెండు స్టేజీలు, నాలుగు తిండి బళ్ళు, బోలెడంత బురద. శనివారం సాయంత్రం వాన పెద్దదైంది. తల దాచుకోవడానికి పక్కనే ఉన్న టెంట్‌లోకి దూరాం. లోపల వంద మంది ఉంటారేమో. స్టేజీ మీద ముగ్గురు. ఒకతని దగ్గర హార్మోనియం ఉంది, మన భజనల్లో వాయించే లాంటిదే. ఒకే స్వరాన్ని వదలకుండా పట్టుకుని వాయిస్తున్నాడు. దాని మీద గిటార్ తేలుతోంది. ఒక అమ్మాయి వెల్ష్ భాషలో పాడుతోంది.

రెండో పాట మధ్యలో ఆ అమ్మాయి ఆగిపోయింది. మాట మర్చిపోయింది. నవ్వేసి, ఇంగ్లీషులో "సారీ, నేను వెల్ష్ పెద్దయ్యాక నేర్చుకున్నాను" అంది. అది పాత జానపద పాట అట. ముందు నిలబడ్డ ఒక పెద్దాయనకి తెలుసు. ఆయన మాట అందించాడు. ఆమె థాంక్స్ చెప్పి అక్కడి నుంచే మళ్ళీ ఎత్తుకుంది. అంతే. ఎవరూ ఎగతాళి చెయ్యలేదు. "ఎంత ముద్దుగా మాట్లాడుతోందో" అని కూడా అనలేదు. పాట నడిచింది.

నాకు మాత్రం గొంతులో ఏదో అడ్డం పడినట్టు అయింది. ఎందుకో చెప్తాను.

నాకు పన్నెండేళ్ళప్పుడు సెలవులకి తెనాలి వెళ్ళాం. తిరిగి బయల్దేరే ముందు రోజు నాన్నమ్మ దగ్గర కూర్చుని, "మనం రేపు వెళ్ళిపోతున్నాం నాన్నమ్మా" అన్నాను. నాన్నమ్మ నా మొహం చూసి, "నన్ను కూడా తీసుకుపోతావా ఏంటి, బంగారం?" అంది. ఇంట్లో అందరూ గొల్లున నవ్వారు. నాకు అర్థం కాలేదు. తర్వాత అమ్మ చెప్పింది. "మేము" అంటే నువ్వు కాకుండా మేము. "మనం" అంటే నీతో కలిపి. ఇంగ్లీషులో రెండింటికీ ఒకటే మాట. ఈ తప్పు మీలో చాలామంది చేసే ఉంటారు.

వాళ్ళు ప్రేమగానే నవ్వారు. అది నాకు ఇప్పుడు తెలుసు. కానీ ఆ రోజు నుంచి నేను తెలుగులో నోరు మూసేశాను. చాలా ఏళ్ళు ఫోన్‌లో నాన్నమ్మతో నా మాటలు మూడే: "బాగున్నాను. తిన్నాను. అమ్మకి ఇస్తున్నా." నాలుగేళ్ళ క్రితం నా అంతట నేనే తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఇప్పుడు మాట్లాడగలను. కానీ ఇప్పుడు నాన్నమ్మకి చెవులు సరిగ్గా వినపడవు. ఫోన్‌లో మాట్లాడటం కుదరదు.

అందుకే ఆ టెంట్‌ని నేను మర్చిపోలేకపోతున్నాను. నా అభిప్రాయం ఇది. భాష నేర్చుకునేవాళ్ళకి క్లాసులు, యాప్‌లు ఉంటే సరిపోదు. తప్పు చేసినా ఫరవాలేదు అనిపించే ఒక చిన్న స్టేజీ కూడా కావాలి.

ఆ టెంట్‌లో విన్న సంగీతాన్ని సైకెడెలిక్ ఫోక్ అంటారు. 1960లలో స్కాట్లాండ్‌లో ఇన్‌క్రెడిబుల్ స్ట్రింగ్ బ్యాండ్ లాంటివాళ్ళు జానపద పాటల్లోకి సితార్ లాంటి వేరే దేశాల వాయిద్యాలు కూడా తెచ్చి కలిపారు. ఇలాంటి పాటల్లో చాలాసార్లు కింద ఒక శ్రుతి ఆగకుండా మోగుతూ ఉంటుంది, మన తంబురా లాగా. ఒకే లైను మళ్ళీ మళ్ళీ వస్తుంది. మాట అర్థం కాకపోయినా గొంతు మనల్ని పట్టుకుంటుంది. నాలాంటివాళ్ళకి ఇది చాలా మంచిది. పెద్ద పెద్ద సమాసాలు అక్కర్లేదు. నాలుగు మాటలు వస్తే ఒక పాట అయిపోతుంది.

ఇంటికి వచ్చాక ఇలాంటి పాటలు వెతికాను. అప్పుడే గ్వెన్నో సాండర్స్ అనే గాయని పాటలు దొరికాయి. ఆమె కథ మనలాంటివాళ్ళు తప్పకుండా తెలుసుకోవాలి.

గ్వెన్నో 1981లో వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో పుట్టింది. అమ్మ వెల్ష్ మాట్లాడేది. నాన్న టిమ్ సాండర్స్ కవి, కూతురితో కార్నిష్ భాషలో మాట్లాడేవాడు. కార్నిష్ అంటే ఇంగ్లాండ్ నైరుతి మూల ఉన్న కార్న్‌వాల్ భాష. అంటే ఆమె ఆ భాషని కార్న్‌వాల్‌లో కాదు, వేరే ఊళ్ళో, నాలుగు గోడల మధ్య నేర్చుకుంది. మనం తెలుగు విన్నట్టే. 2014లో వచ్చిన ఆమె మొదటి సోలో ఆల్బమ్ "అ దీద్ ఓలవ్" దాదాపు అంతా వెల్ష్‌లో ఉంటుంది, చివరి పాట ఒక్కటే కార్నిష్. 2018లో వచ్చిన "లె కోవ్" మొత్తం కార్నిష్‌లోనే ఉంటుంది. ఆ పేరుకి "జ్ఞాపకాల చోటు" అని అర్థం. అందులో ఒక పాట జున్ను గురించి! "చీజ్ ఉందా?" అని అడిగే పాట. 2022లో వచ్చిన "ట్రెసోర్" కూడా చాలావరకు కార్నిష్‌లోనే ఉంది. అది మెర్క్యురీ ప్రైజ్ తుది జాబితాకి వెళ్ళింది.

ఇప్పుడు అసలు విషయం. కార్నిష్ మాతృభాషగా మాట్లాడిన చివరి మనిషి అని చాలామంది చెప్పే డాలీ పెంట్రీత్ 1777లో చనిపోయింది. 1904లో హెన్రీ జెన్నర్ అనే ఆయన కార్నిష్ నేర్చుకోవడానికి ఒక పుస్తకం రాశాడు. అక్కడి నుంచి మనుషులు పాత నాటకాలు, రాతప్రతులు చదివి ఆ భాషని తిరిగి నేర్చుకున్నారు. 2011 జనాభా లెక్కల్లో కార్నిష్ మా ముఖ్య భాష అని చెప్పినవాళ్ళు ఐదువందల పైచిలుకు మాత్రమే. అంటే ఈ రోజు ఉన్న కార్నిష్ మొత్తం పుస్తకాలు చూసి సొంతంగా నేర్చుకున్నవాళ్ళ దగ్గర మొదలైంది. వాళ్ళు "మా ఉచ్చారణ సరిగ్గా లేదు" అని నోరు మూసుకుని ఉంటే ఇవాళ ఆ జున్ను పాట ఉండేది కాదు.

తెలుగు పరిస్థితి అది కాదు, నాకు తెలుసు. 2011 లెక్కల ప్రకారం ఇండియాలోనే ఎనిమిది కోట్ల మందికి పైగా తెలుగు మాతృభాష. నేను మాట్లాడకపోతే తెలుగుకి ఏమీ కాదు. కానీ మా ఇంట్లో తెలుగు నాతో ఆగిపోతుంది. ఎనిమిది కోట్ల మంది ఉన్నారు అనే ధైర్యం నా ఇంటికి సరిపోదు.

ఇక మన వేడుకల గురించి. నేను ఇక్కడ చిన్నప్పటి నుంచి ఉగాదికి, దీపావళికి తెలుగు ఫంక్షన్లకి వెళ్తున్నాను. పులిహోర బాగుంటుంది. స్టేజీ మీద సినిమా పాటలకి పిల్లలు డాన్స్ చేస్తారు. కొందరు త్యాగరాజ కీర్తనలు చక్కగా పాడతారు. రెండూ నాకు ఇష్టమే. కానీ గమనించారా? డాన్స్ చేసే పిల్ల ఒక్క తెలుగు మాట మాట్లాడక్కర్లేదు. కీర్తన పాడే పిల్లాడు ఏళ్ళ తరబడి క్లాసుకి వెళ్ళి ఉండాలి. మధ్యలో ఉన్నవాళ్ళకి, అంటే వచ్చీ రాని తెలుగు మాట్లాడే మనకి, స్టేజీ మీద ఏ పనీ లేదు. మైకు దొరికినా మనం ఇంగ్లీషులోకి దూకుతాం, ఎందుకంటే ఎదురుగా మూడువందల మంది ఉన్నారు.

వేల్స్ వాళ్ళు ఈ సమస్యని ముందే ఆలోచించారు. అక్కడ ప్రతి ఆగస్టులో ఐస్తెద్‌వోద్ అనే పెద్ద వెల్ష్ పండుగ జరుగుతుంది. ఆ మైదానంలో భాష నేర్చుకునేవాళ్ళ కోసమే ఒక చోటు ఉంచారు. నేర్చుకునేవాళ్ళకి ఒక బహుమతి కూడా ఉంది. ఇక గ్రీన్ మ్యాన్ అనే ఫెస్టివల్ సంగతి చూడండి. 2003లో ఇద్దరు సంగీతకారులు కలిసి సుమారు మూడువందల మందితో మొదలుపెట్టారు. ఇప్పుడు అక్కడికి వేలమంది వస్తారు. మొదటి రోజే పెద్ద స్టేజీ కావాలి అనుకుని ఉంటే మొదలయ్యేదే కాదు.

"వాళ్ళకి ప్రభుత్వం డబ్బు, బడులు, టీవీ ఛానల్ ఉన్నాయి కదా" అని మీరు అనవచ్చు. నిజమే. వెల్ష్ బడుల లాంటివి మనకి ఇక్కడ రావు. కానీ నేను అడిగేది ఒక మూల, ఒక మైకు, ఇరవై కుర్చీలు. దానికి ఏ ప్రభుత్వమూ అక్కర్లేదు.

"తప్పుల తెలుగుని స్టేజీ ఎక్కిస్తే భాష పాడైపోతుంది" అని పెద్దవాళ్ళు అంటారు. ఒక అంకుల్ నాతో అలాగే అన్నారు. ఆయన బాధ నాకు అర్థమైంది, ఆయన తెలుగు నిజంగా అందంగా ఉంటుంది. కానీ అంకుల్ గారూ, ఆ టెంట్‌లో పెద్దాయన ఏం చేశారో చూడండి. ఆయన తప్పుని వదిలెయ్యలేదు. సరైన మాట అందించారు. అందించి, పాట ఆమెకే వదిలారు. మాకు కావాల్సింది అదే. మీరు ముందు వరసలో కూర్చోండి. మాట కావాలంటే అందించండి.

గ్వెన్నో 2025లో ఎక్కువగా ఇంగ్లీషులో ఒక ఆల్బమ్ చేసింది. మొదట నాకు కొంచెం నిరాశ కలిగింది. తర్వాత అనిపించింది, ఒక్కో భాషలో ఒక్కో జ్ఞాపకం ఉంటుంది, ఆమె దేన్నీ దాచుకోవడం లేదు. మనం కూడా ఇంగ్లీషుని తిట్టుకోనక్కర్లేదు. తెలుగుకి సిగ్గుపడకపోతే చాలు. హైదరాబాద్ బ్యాండ్ చౌరస్తా సొంత పాటలు మామూలు మాటల తెలుగులో పాడుతుంది. అవి వింటే మనమూ ఒకటి రాయొచ్చు అనిపిస్తుంది.

నేను ఒకటి రాశాను. ఎనిమిది లైన్లు, రెండు స్వరాలు, పాత హార్మోనియం. తెనాలి ఇంటి వసారా గురించి. అందులో ఎక్కడ "మేము" రావాలో, ఎక్కడ "మనం" రావాలో మూడుసార్లు సరిచూసుకున్నాను. రికార్డు చేసి మా బావకి పంపాను. నాన్నమ్మ చెవికి హెడ్‌ఫోన్లు పెట్టి గట్టిగా వినిపిస్తాను అన్నాడు. వచ్చే ఉగాదికి ఇక్కడి సంఘం వాళ్ళని ఒక గది అడుగుతున్నాను. ఇవ్వకపోతే మా ఇంటి హాల్లోనే పెడతాను, పది మంది పడతారు. మీరు ఉన్న ఊళ్ళో కూడా ఒకటి మొదలుపెట్టండి. పాట తప్పులతోనే తీసుకురండి.